తువ్వాలు కింద చెయ్యి

తరగు మామ పోయాడని కబురు అంది నేను అరియాంకుప్పం చేరేసరికి శవం ఇంటి అరుగు మీద ఉంది, కొడుకులిద్దరూ వీధి చివర కట్టెల అడితిలో ఉన్నారు. పాడెకు వెదుళ్లూ, కాల్చడానికి సర్వి కట్టెలూ ఎంచి పక్కన పెట్టుకున్నారు గాని అడితివాడు వాటిని బండికెత్తనివ్వడం లేదు. ధర కుదరలేదు.

"అన్నా, నువ్వన్నా చెప్పు," అన్నాడు పెద్దకొడుకు నన్ను చూడగానే. "కట్టెలకి ఇంత ధర యాడన్నా ఉంటాదా?"

"దించను," అన్నాడు అడితివాడు. "మీ నాయన మా ఇంటి ఎద్దుల్ని అమ్మించినాడు. నేను ఏడిస్తే తువ్వాలు ఇచ్చి తుడుచుకో అన్నాడు. ఆ తువ్వాలు కిందనే మళ్లీ నా వేలు వంచినాడు. ఈ పొద్దు నేను దించను."

"శవం ఎండలో ఉండాదబ్బా!"

"ఉండనీ. మీ నాయన మాటే కదా, చచ్చినోళ్లకి తొందర లేదని."

నిజమే, అది ఆయన మాటే. భార్య పోయిన రోజు డప్పులవాళ్లతో బేరమాడుతూ అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఈగలు ముసురుతుంటే చుట్టాలు విసనకర్రలు పట్టుకుని కూర్చున్నారు, ఈయన వాకిట్లో నింపాదిగా నిలబడి డప్పులవాళ్ల కూలిని సగానికి తెచ్చాడు. లోపలికి వచ్చి, "మీ అత్త బతికుంటే మెచ్చుకోనుండు," అన్నాడు నాతో. ఆ పూట డప్పు కూడా సగమే మోగింది.

అందుకని అడితిలో నేను ఏ పక్షమూ వహించలేదు. నిజం చెప్పొద్దూ, లోపల కాస్త చల్లగానే ఉంది. బేరమాడే విద్య ఆయన కొడుకులకు నేర్పలేదు. నేర్పితే ముందు తన మీదే మొదలుపెడతారని భయం కాబోలు.

మా పుదుచ్చేరి వైపు దళారీ రుసుమును తరగు అంటారు. ఎడ్ల బేరాలకు తరగు తీసుకునేవాడు గనక ఆయన అందరికీ తరగు మామ. అసలు పేరు నాకు తెలుసు, రాయను. రాస్తే ఊళ్లో సగంమంది ఈ కాగితం చించేస్తారు. తక్కిన సగంమందికి తెలుగు చదవడం రాదనుకోండి, వాళ్లు ఇంకొకరిచేత చదివించుకుని మరీ చించుతారు.

సన్నగా, పొడుగ్గా, ఎండిన మునక్కాయలా ఉండేవాడు. కుడిచెయ్యి మాత్రం ఆయనది కాదేమో అనిపించేది. రోజూ ఆముదం రాసేవాడు దానికి. ఆ చేత్తో బరువెత్తడు, తాడు పట్టడు, ఎవరినీ కొట్టడు. కొట్టాల్సి వస్తే ఎడమచేత్తో కొట్టేవాడు. భుజం మీద ఎర్రంచు తువ్వాలు. దానితో తన ముఖం ఎప్పుడూ తుడుచుకోగా చూడలేదు నేను. అది పనిముట్టు.

సంతలో ఎద్దు ధర నోటితో చెప్పరు. తరగరి, అంటే దళారీ, తువ్వాలు పరుస్తాడు, దాని కింద అమ్మేవాడి చెయ్యి పట్టుకుంటాడు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. తర్వాత కొనేవాడి దగ్గరికి పోయి అతని చెయ్యి పట్టుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లకు కదిలే గుడ్డ తప్ప ఏమీ కనపడదు. అమ్మేవాడికి కొనేవాడి మాట తెలియదు, కొనేవాడికి అమ్మేవాడి మాట తెలియదు. రెండూ తెలిసినవాడు ఒక్కడే, మధ్యలోది తినేవాడూ వాడే.

"నోరు అబద్ధం చెప్తాది గాని వేలు చెప్పదబ్బా," అనేవాడు తరగు మామ. దేవుడి మీద ఒట్టేసినట్టు అనేవాడు.

ఆచారంలో లేని విద్య ఒకటి ఆయన సొంతంగా కనిపెట్టాడు. ఎదుటివాడు ధర దిగకపోతే వాడి చిటికెనవేలు పట్టుకుని మెల్లగా వెనక్కి వంచేవాడు. విరగదు, కళ్లలో నీళ్లు మాత్రం తిరుగుతాయి. తువ్వాలు పైన మాత్రం ఆయన ముఖం పెళ్లివారి ముఖం. "పిల్లలు బాగుండారా?" అని అడిగేవాడు సరిగ్గా అప్పుడే. అరిస్తే పరువు పోతుంది. సంతలో మగవాడు వేలునొప్పికి అరవడమేమిటి? "బాగుండారు మామా," అని దిగేవాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

నేను ఆ రోజుల్లో కాలవకు తూర్పున తెల్లపట్నంలో ఒక ఫ్రెంచి దొర మోటారు షాపులో దుబాసీని. దొర మాట కొనేవాళ్లకు, కొనేవాళ్ల మాట దొరకు తిప్పి చెప్పడం నా ఉద్యోగం. ఫ్రెంచి దొరలందరూ మాకు ముసియేలే గనక ఈయనా ముసియే. చుట్టుపక్కల రైతుల్లో మోటారు మోజు మొదలయ్యేసరికి తరగు మామ సంత వదిలి మా షాపుకు వచ్చాడు. వేరుసెనగ మీద నాలుగు డబ్బులు చేసుకున్న ప్రతి ఆసామినీ వెంటబెట్టుకుని వచ్చేవాడు. మొదటిరోజే ముసియే చేతి మీద తువ్వాలు పరిచాడు. దొర పిల్లవాడిలా నవ్వుతూ చెయ్యి ఇచ్చాడు. కాసేపటికి నవ్వు ఆగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "పిల్లలు బాగుండారా అని అడుగు దుబాసీ," అన్నాడు తరగు మామ నాతో. నేను అడిగాను. దొర ధర దించాడు. తర్వాత నన్ను పిలిచి, ఈ మనిషి నీకంటే చక్కగా మాట్లాడతాడు అన్నాడు. నా నోటికి ఆయన వేళ్లు పోటీ వచ్చాయన్నమాట.

నాకు తరగు మామ అంటే అసహ్యం. ఆయన బేరం చేస్తుంటే చూడకుండా ఉండలేకపోయేవాణ్ణన్నది కూడా అంతే నిజం.

ఇక వెంకటసామి సంగతి చెప్పాలి.

ఒక ఫ్రెంచి డాక్టరు తన దేశం వెళ్లిపోతూ కారును మా షాపులో అమ్మకానికి ఉంచాడు. కారుతోపాటు దాని డ్రైవరు వెంకటసామి కూడా వచ్చి షాపులో నిలబడ్డాడు. మనవాడే, తెలుగువాడు. దాన్ని కొన్నవాళ్లు ఇతన్ని కూడా పెట్టుకోవాలని డాక్టరు మరీ మరీ చెప్పాడు, ఆ మాట వెంకటసామికి తెలుగులో చెప్పింది నేనే. ఆ మాట పట్టుకుని అతను వేరే కొలువు వెతుక్కోలేదు. జీతం లేకుండా రోజూ వచ్చి కారు తుడిచేవాడు. పెళ్లాం పిల్లలతో డాక్టరు ఇంటి వెనకగదిలో ఉండేవాడు, ఆ ఇల్లు కొన్న కొత్త దొర గది ఖాళీ చెయ్యమన్నాడు. కాబట్టి కారు ఎవరింటికి పోతుందన్నది వెంకటసామికి తన పిల్లలు ఏ కప్పు కింద పడుకుంటారన్న ప్రశ్న.

రెడ్డియార్‌పాళయం నుంచి ఒక రెడ్డియారును తీసుకొచ్చాడు తరగు మామ. భారీ మనిషి, చెవులకు రవ్వల కడుకులు. దాయాది మోటారు కొన్నాడని ఈయనకు నిద్ర పట్టడం లేదు. ఆయన బండిషెడ్డు పక్కన గది ఒకటి ఖాళీగా ఉందని వినగానే వెంకటసామి తరగు మామ కాళ్ల మీద పడ్డాడు.

"మామా, నన్నూ బేరంలో కలుపు. నీ పేరు చెప్పుకొని బతుకుతా."

"కలపతా లేరా," అన్నాడు తరగు మామ. మా అందరి ముందరా రెడ్డియారుతో కూడా గట్టిగానే చెప్పాడు. "చిటికెనవేలు వెంకటసామిది రెడ్డియార్. ధరకు తక్కిన వేళ్లు. చిటికెనవేలు పట్టినావంటే వీడు బండితో వస్తాడు, పట్టకపోతే రాడు." రెడ్డియారు తల ఊపాడు.

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. వెంకటసామి ఆ పూట షాపులో అందరికీ తన దుడ్డుతో కాఫీ తెప్పించాడు.

అమ్మేదాన్ని ముందు తిట్టాలి, అది సంత ధర్మం. తరగు మామ కారు ముందు మూత ఎత్తి, "పళ్లు చూద్దాం," అన్నాడు. ఎద్దు ఒంటి మీద వెతికినట్టు చుట్టూ తిరిగి సుడులు వెతికాడు. రెక్క మీద చిన్న గీత కనపడితే, "ఇది యజమానిని మింగే సుడి," అన్నాడు. హారన్ నొక్కి, "గొంతు వాపు ఉండాది," అన్నాడు. దీపాలు చూసి, "ఒక కన్ను మసక," అన్నాడు.

కన్నబిడ్డను అన్నట్టు విలవిల్లాడాడు వెంకటసామి. "నిన్న సాయంత్రమే గదా తుడిచినా మామా!"

"నువ్వు నోరు మూసుకోరా. నిన్ను అమ్మేటప్పుడు నీ పళ్లూ చూస్తాలే."

రెడ్డియారు వెంట వచ్చిన బలగమంతా పొట్టలు పట్టుకుని నవ్వింది.

బేరం మొదలైంది. తువ్వాలు ముసియే దగ్గరికి పోయేది, రెడ్డియారు దగ్గరికి వచ్చేది. వెంకటసామి కారు రెక్క పట్టుకుని తువ్వాలునే చూస్తున్నాడు. చివరికి రెడ్డియారు చేతి మీద ఆ గుడ్డ చాలాసేపు ఆగింది. తరగు మామ వంగి ఆయన చెవిలో ఏదో అన్నాడు. రెడ్డియారు ఒకసారి వెంకటసామి వైపు చూసి తల దించుకున్నాడు. తువ్వాలు లేచింది.

"అయింది," అన్నాడు తరగు మామ.

"నేను మామా?" అన్నాడు వెంకటసామి.

"నీ వేలు నేను చూపిస్తానే ఉన్యారా. రెడ్డియారు పట్టలా. ఏం చేసేది?" తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "పలుపూ పాలేరూ ఎద్దుతో పోవురా."

మళ్లీ అందరూ నవ్వారు. ఏం చెయ్యాలో తోచక వెంకటసామి కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇవాళ్టికీ మింగుడుపడదు.

పలుపు మాట ఊరికే అనలేదు మహానుభావుడు. ఎద్దును అమ్మినవాడు మెడలో పలుపు విప్పుకుంటాడు, కొన్నవాడు తన తాడు తెచ్చుకోవాలి. పలుపు ఇస్తే ఇంటి లక్ష్మి దానితో పోతుందని నమ్మకం. ఆ రోజుల కార్లకు ముందు భాగంలో ఇనుపకడ్డీ గుచ్చి తిప్పితేగాని ఇంజను లేచేది కాదు. తరగు మామ వెళ్లి ఆ కడ్డీ ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు. తరతరాల ఎడ్ల రైతు రెడ్డియారు, అది న్యాయమే అనుకున్నాడు. అమ్మినవాణ్ణి పలుపు అడగడం బిచ్చమెత్తడం కంటే హీనం ఆయనకు. ఎందుకు తీసుకున్నాడని ముసియే నన్నడిగాడు. ఆచారమన్నాను. దొర భుజాలెగరేసి డబ్బు లోపల పెట్టుకున్నాడు.

రెడ్డియారు మేనల్లుడు చక్రం ముందు కూర్చున్నాడు. ఇంజను లేవదు. ఆఖరికి వాళ్లు వచ్చిన బండి ఎద్దుల్ని విప్పి కారుకు కట్టారు. కాలవ దాటి, బజారు మీదుగా, రెడ్డియార్‌పాళయం దాకా ఎద్దులే లాక్కుపోయాయి ఆ మోటారును. వెనక సీట్లో రెడ్డియారు కొత్త పెళ్లికొడుకులా నిటారుగా కూర్చున్నాడు. దారి పొడుగునా జనం. తర్వాత ఆయన మనిషి వచ్చి ఇనుపకడ్డీ కొనుక్కుపోయాడు, అదీ తువ్వాలు కిందే. కొన్నాళ్లకు మేనల్లుడు కారును వేరుసెనగ గోడౌను గోడకు కొట్టాడు. అది షెడ్డులో పడి కోళ్లు పొదగడానికి పనికొచ్చింది.

వెంకటసామి గది ఖాళీ చేశాడు. కాలవ గట్టున గుడిసె వేసుకున్నాడు, పెళ్లాం గోడౌనులో కాయలు ఏరే పనికి పోయింది. పట్నంలో తక్కిన డ్రైవరు కొలువులు అప్పటికే నిండిపోయాయి. పుస్‌పుస్ బండి బాడుగకు తీసుకున్నాడు. అది చక్రాల మీద కుర్చీ, ఎక్కినవాడు ముందున్న కడ్డీ తిప్పుతూ దారి చూపిస్తాడు, మనిషి వెనకనుంచి తోస్తాడు. ఫ్రెంచి డాక్టరును కారులో తిప్పినవాడు ఇప్పుడు కుర్చీ తోస్తూ అవే వీధుల్లో పరుగెత్తేవాడు.

అతని బండికి ఖాయమైన గిరాకీ తరగు మామే. బజారునుంచి ఏటి ఒడ్డు దాకా. దిగగానే తువ్వాలు పరిచేవాడు. బాడుగ ఎంతో ఊళ్లో అందరికీ తెలుసు, బేరానికి అందులో ఏముంది? అయినా వెంకటసామి చెయ్యి పట్టుకునేవాడు, చిటికెనవేలు వెనక్కి వంచేవాడు. "పిల్లలు బాగుండారా?" అనేవాడు. వెంకటసామి చెమటలు కక్కుతూ, "నీ దయ మామా," అనేవాడు.

"ఎందుకబ్బా దిగతావు?" అని నేను కసిరాను ఒకసారి.

"మామ నా కోసం మాట్లాడినాడు కదన్నా. ఆయన తప్పేముండాది? రెడ్డియారు మనసు రాయి." రెడ్డియారు ఎదురైతే వీధి దాటిపోయి ఉమ్మేసేవాడు వెంకటసామి.

తరగు మామను కూడా అడిగాను, ఆ బీదవాడి దగ్గర కూడానా అని.

"బీదోడి వేలు ఇంకా బాగా వంగతాది అబ్బా," అన్నాడు. నవ్వుతూ కూడా అనలేదు, పనివాడు పనిమాట చెప్పినట్టు చెప్పాడు.

కట్టెల అడితినుంచి నేను ఒక్కణ్ణే శవం దగ్గరికి వచ్చేశాను. చుట్టాలు పెద్దగా రాలేదు. ఒక్కొక్కరితోనూ ఒక్కొక్క బేరంలో చెడింది. భుజం పట్టడానికి ఇద్దరు కొడుకులు, ఒక అల్లుడు. నాలుగో భుజం తనదని వెంకటసామి తనంతట తనే ముందుకొచ్చాడట. తెల్లారినప్పటినుంచి నీళ్లు మోసేదీ, పాడెకు తాడు పేనేదీ అతనే. పేనుతూ ఏడుస్తున్నాడు. ఆ ఇంటి మొత్తం మీద కన్నీళ్లు పెట్టుకున్న మనిషి అతనొక్కడే. అరుగు పక్క మేకుకు ఎర్రంచు తువ్వాలు వేలాడుతోంది.

రెడ్డియారు చేతికర్ర పొడుచుకుంటూ వచ్చాడు. బాగా ముసలివాడయ్యాడు, చెవుడు కూడా. చెవుడున్నవాళ్లు గుట్టుమాట కూడా అరిచే చెప్తారు.

"ఎవురబ్బా అది? కొడుకుల కంటే ఎక్కువ ఏడుస్తా ఉండాడు?"

"డాక్టరు దొర కారు నడిపిన వెంకటసామి," అన్నాను ఆయన చెవి దగ్గర.

"ఓ, ఆ తాగుబోతా!"

"తాగుబోతేంది రెడ్డియార్? కల్లంగడి గడప తొక్కినోడు కాదే."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "తరగు మామే గదా చెప్పినాడు! నేను చిటికెనవేలు గట్టిగా పట్టుకొనే ఉన్యా. డ్రైవరు లేకుండా నాకు బండి ఎందుకు? ఆయనే చెవిలో చెప్పినాడు, వీడు తాగి బండిని ఏట్లో తోస్తాడు, వొద్దు, వాడికిచ్చే జీతం ధరలో కలుపు, బేరం ఇప్పుడే అయిపోతాదని. నేను విడవకపోతే ఆయనే తన వేలు విదిలించుకున్నాడు."

తాడు పేనే చేతులు ఆగిపోయాయి. వెంకటసామి తల ఎత్తి రెడ్డియారును చూశాడు, తర్వాత శవాన్ని చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరవాలని కోరుకున్నాను కూడా. అతను ముఖం తుడుచుకుని మళ్లీ తాడు అందుకున్నాడు, చివరి ముడి దాకా పేనాడు.

కొడుకులు కట్టెలతో వచ్చారు. అడితివాడు అడిగినంతా ఇచ్చుకుని వచ్చారు, ముఖాలు మాడిపోయి ఉన్నాయి. పాడె కట్టడం అయింది.

"వెంకటసామన్నా, దా, ఎత్తుదాం. పొద్దెక్కింది," అన్నాడు పెద్దకొడుకు.

వెంకటసామి మేకునుంచి ఎర్రంచు తువ్వాలు తీశాడు. ఒకసారి దులిపి తన కుడిచేతి మీద పరుచుకుని ఆ చెయ్యి పెద్దకొడుకు ముందు చాపాడు.

"ఏందన్నా ఇది?"

"బేరం."

"ఇప్పుడా? నాయన ఎండలో ఉండాడు!"

"చచ్చినోళ్లకి తొందర లేదబ్బా."

పెద్దకొడుకు చుట్టూ చూశాడు. నాలుగో భుజానికి ఇంకెవరూ లేరు. అల్లుడు నేల చూశాడు, నేను ఆకాశం చూశాను. చేసేది లేక తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చాడు.

వెంకటసామి ముఖంలో ఏమీ లేదు. కాస్త ముందుకు వంగి, మెత్తగా, "పిల్లలు బాగుండారా?" అని అడిగాడు.

ఎన్ని వేళ్లు పట్టాడో నాకు తెలియదు. పెద్దకొడుకు పెదవి కొరుక్కున్నాడు. చూస్తుండగానే కళ్లు నిండి నీళ్లు బుగ్గల మీదికి కారాయి.

"పాపం," అన్నారు అరుగు కింద నిలబడ్డ ఆడవాళ్లు, "ఇంతసేపటికి నాయన కోసం ఏడ్చినాడు."